మామూలుదే రాసెయ్

ఆమె ముఖాలు మరిచిపోతుంది గాని కాళ్లు మరిచిపోదు. పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రి గుండె ఆపరేషన్ల విభాగంలో ఆమె పని కాళ్లతోనే. బల్లకు అటువైపు విభాగానికి పెద్ద డాక్టరైన పెద్దాయన రోగి ఛాతీ తెరుస్తుంటే, ఇటువైపు ఆమె వంగి నిలబడి, చీలమండ దగ్గర్నుంచి మోకాలి దాకా చర్మం కోసి, లోపలి సిరను నలక్కుండా చిరక్కుండా పైకి తీస్తుంది. ఆ సిర ముక్కలే గుండె మీద మూసుకుపోయిన రక్తనాళాలకు పక్కదారులవుతాయి. సిర అందించాక కాలు కుట్టేసి, కట్టు కట్టి, ఆపరేషన్ కాగితం రాసేస్తే ఆమె పని అయిపోయినట్టే. థియేటర్‌లో అందరూ ఆమెను కాళ్ల డాక్టరమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తనని కాదేమో అనుకుని నడిచి వెళ్లిపోతుంది.

ఆమె తర్వాత చేరిన మగ డాక్టర్లు ముగ్గురు ఆమె పక్కనుంచే ఛాతీ వైపు వెళ్లిపోయారు. "ఎముక కోయడానికి బలం కావాలమ్మా, నీ చెయ్యి సన్నపనికి పుట్టింది" అని పెద్దాయన మెచ్చుకుంటున్నట్టే అనేవారు. ఆ మెచ్చుకోలు మింగీ మింగీ ఆమెకు అలవాటైపోయింది. ఇన్నాళ్లకు ఆయన మనసు కరిగింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి రెండో థియేటర్ ఆమెదేనని, ఛాతీ కూడా ఆమే తెరుస్తుందని పోయిన వారం నలుగురిలో చెప్పేశారు. థియేటర్ నర్సుల్లో పెద్ద సిస్టర్ అయితే అప్పుడే కొత్త థియేటర్‌లో సామాన్లు ఎక్కడ సర్దాలో లెక్కలు వేసుకుంటోంది. ఆమే, పెద్ద సిస్టరూ ఒకే ఏడాది చేరారు. ఒకరి సుఖదుఃఖాలు ఒకరికి తెలుసు.

సోమవారం పొద్దున రౌండ్స్‌లో ఆడవాళ్ల వార్డు కిటికీ పక్క మంచం మీద కొత్త మనిషి కనిపించింది. యాభై అయిదు దాటి ఉంటాయి. వెనక మూడు దిళ్లు పెట్టుకుని, పడుకుంటే ఊపిరాడక, కూర్చునే ఉంది. పక్కన స్టూలు మీద కోడలు. పాదాలు వాచాయేమో చూద్దామని నర్సు దుప్పటి మోకాళ్ల దాకా జరిపింది. కాళ్ల డాక్టరమ్మ అడుగు అక్కడే ఆగిపోయింది.

రెండు కాళ్ల మీదా చీలమండ నుంచి మోకాలి దాకా సన్నటి తెల్లగీత. సూది దిగిన గుర్తులు పైకి లేవు, దారమంతా చర్మం లోపల్నుంచే పోయింది. చివర ముడి కనపడకుండా లోపలికి మడిచి ఉంది. ఆ ఆసుపత్రిలో అలా ముడి దాచేది ఆమె ఒక్కతే.

"ఏంటి డాక్టరమ్మా, అలా చూస్తున్నారు? అంత బాగున్నాయా నా కాళ్లు?" అంది ఆ మనిషి. అంత ఆయాసంలోనూ నవ్వింది.

"ఆపరేషన్ ఇక్కడే అయిందా అమ్మా?"

"ఇక్కడే. ఆరేళ్లయింది. నేను బట్టలు కుడతానమ్మా, ముప్పై ఏళ్లుగా అదే పని. స్నానం చేసినప్పుడల్లా చూసుకుంటా, ఎవరు కుట్టారో గాని ఏం చెయ్యమ్మా అది అని. ముడి ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు నాకు."

"ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపిస్తుందండీ మా అత్తయ్య," అంది కోడలు. "గుండె ఎలా ఉందని అడిగితే కాళ్ల గురించి చెబుతుంది."

నేనే కుట్టాను అనడానికి ఆమెకు నోరు రాలేదు. చీలమండ మీద వేలు పెట్టి నొక్కి చూసింది. సొట్ట పడి అలాగే ఉండిపోయింది. నీరు చేరింది. కాగితం మీద అది రాసుకుని పక్క మంచానికి కదిలింది గాని, ఆ మంచం మీది మనిషి ఏం చెబుతోందో చెవికెక్కలేదు. ఆరేళ్ల కిందటి ఆ పొద్దు ఆమె కళ్ల ముందుకు వచ్చి నిలబడిపోయింది.

ఛాతీ ఎముక వెనకగా పైనుంచి కిందికి ఒక ధమని దిగుతుంది. థియేటర్‌లో దాన్ని లీమా అంటారు, ఎవరింట్లోనో చిన్నపిల్లను పిలిచినట్టు. కాలి సిరతో వేసిన పక్కదారి ఏడెనిమిదేళ్లకు పూడిపోవచ్చు, లీమాతో వేస్తే ఇరవై ఏళ్లు మనుషుల్ని నడిపిస్తుంది. గుండె ఆపరేషన్లు చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. కాకపోతే దాన్ని ఎముక మీంచి ఒలిచి దించడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ రోజు పెద్దాయన ఛాతీ తెరిచి గోడ గడియారం చూశారు. ఆ వెనక ఇంకో కేసు ఉంది. "ఆడవాళ్లకు అది వెంట్రుకవాసి ఉంటుంది, చూసి ఏం లాభం? రెండు కాళ్లూ తీసెయ్ అమ్మా" అన్నారు. ఆమె తీసింది. మూడు పక్కదారులు వేశారు. అంతా అయ్యాక కాగితం ముందు పెట్టుకుని, "లీమా గురించి ఏం రాయమంటారు సార్?" అని అడిగింది.

"మామూలుదే రాసెయ్."

మామూలుది అంటే ఏమిటో అప్పటికే ఆమెకు కంఠతా వచ్చు. 'ఎడమ ఛాతీ లోపలి ధమనిని దించి చూడడమైనది. మరీ సన్నగా ఉన్నది. ప్రవాహం చాలదు. వాడలేదు.' గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టింది.

మంగళవారం కేసుల మీటింగ్. పొడుగాటి బల్లకు ఆ చివర పెద్దాయన, చుట్టూ డాక్టర్లు. తెర మీద టైలరమ్మ గుండె కొట్టుకుంటోంది. వార్డులో అప్పటికే అందరూ ఆవిడను టైలరమ్మ అంటున్నారు. ఆరేళ్ల కిందటి మూడు పక్కదారుల్లో రెండు పూర్తిగా మూసుకుపోయాయి. మూడోది దారప్పోగులా మిగిలింది. స్టెంట్ వేద్దామని చూస్తే తీగ దూరలేదు. కాళ్లలో సిరలు అయిపోయాయి. చేతిలోని ధమని పరీక్షలో పనికిరాదని తేలింది.

"లీమా?" అని ఒకరు అడిగారు.

పెద్దాయన పాత ఫైలు తెరిచి, కళ్లజోడు సవరించుకుని, పైకి చదివారు. 'దించి చూడడమైనది. మరీ సన్నగా ఉన్నది.' అక్షరం అక్షరం ఆమెదే. దించి చూశారంటే ఆ ధమనిని ఎముక మీంచి ఒలిచి, తెగ్గొట్టి, పారేసినట్టే. ఇక దానికోసం ఎవరూ వెతకరు. వెతకలేదు కూడా. యాంజియో చేసినప్పుడు అటువైపు రంగుమందు కొట్టనే లేదు.

"అయితే మనం చెయ్యగలిగింది లేదు," అని పెద్దాయన ఫైలు మూశారు. "మందులు రాసి గురువారం పంపేద్దాం. ఇంట్లోవాళ్లకు మెల్లగా చెప్పండి."

"ఎన్నాళ్లు సార్?"

"ఆరునెలలు. మహా అయితే ఏడాది."

బల్ల మీద ఆమె రెండు చేతులూ కుక్కిన పేనుల్లా పడున్నాయి. లేచి నిలబడి ఒక్కమాట చెప్పాలి. సార్, మనం దాన్ని చూడలేదు. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకీ ఒకటో తారీకుకీ మధ్య ఎంత దూరముందో ఆమెకు బాగా తెలుసు. తర్వాతి కేసు తెర మీదికి వచ్చింది. ఆమె లేవలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె దారిపొడుగునా ఆడవాళ్ల కాళ్లు చూసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లవి, మెట్లెక్కుతున్నవాళ్లవి, దుకాణం ముందు సంచి దింపుకుని నిలబడ్డవాళ్లవి. ఎక్కడో ఒకచోట తెల్లగీత కనిపిస్తుందని భయం. కనిపించకపోతే ఇంకా భయం. ఒకావిడ ఆగి, "ఏం పోయిందమ్మా, వెతుకుతున్నారు?" అని అడిగింది. ఏమీ లేదని గబగబా నడిచింది. ఇంట్లో వంటగట్టు దగ్గర చిక్కుళ్లు ఈనెలు తీస్తుంటే వాక్యం మళ్లీ వచ్చింది. మరీ సన్నగా ఉన్నది. ప్రవాహం చాలదు. భర్త రెండుసార్లు పిలిచాడట, వినిపించలేదు. గిన్నెలోకి చూస్తే చిక్కుళ్లన్నీ ఈనెలతో కలిసిపోయి ఉన్నాయి. మళ్లీ మొదటినుంచీ ఏరుకుంది.

బుధవారం ఉదయం యాంజియో చేసే డాక్టరు గదికి వెళ్లింది. చదువుకునేటప్పుడు ఇద్దరిదీ ఒకటే బెంచీ. తెల్లారేసరికి ఆమె ఒక ఉపాయం ఆలోచించుకుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా, ఆ ధమనిలోకి ఒక్కసారి రంగుమందు కొడితే చాలు. ఉంటే కనిపిస్తుంది, లేకపోతే లేదు. కనిపించిందనుకో, ఏదో అదృష్టం అని అందరూ అనుకుంటారు. దొంగ బుద్ధికి ఎప్పుడూ దగ్గరి దారులే తోస్తాయి.

"ఏంటే, పొద్దున్నే ఊడిపడ్డావు?" అంది స్నేహితురాలు, ఎక్స్‌రేలకు అడ్డుగా తొడుక్కునే సీసపు కోటు విప్పుతూ.

"ఆ టైలరమ్మకు ఎడమవైపు లీమాలోకి ఒకసారి మందు కొట్టి చూడవే."

"ఎందుకు? దించేశాం, పనికిరాలేదు అని నువ్వే రాశావు కదా."

"ఊరికే. ఒకసారి చూద్దామని."

"ఊరికే ఏంటే, పానకమా పొయ్యడానికి? ఆవిడ కిడ్నీలు అంతంతమాత్రం. మొన్న కొట్టిన మందుకే రెండు రోజులు ఒంటేలు సరిగ్గా రాలేదు. కారణం లేకుండా మళ్లీ కొట్టి కిడ్నీలు పోతే ఎవరు చెబుతారు జవాబు?" ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. "కారణం ఉంటే ఫైల్లో రాయి. నీ చేత్తో రాసి సంతకం పెట్టు. నిమిషంలో చేస్తాను."

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి స్నేహితురాలు మెల్లగా అడిగింది. "చూశారా, లేదా?"

జవాబు చెప్పకుండానే బయటపడింది. చెప్పకపోవడమే జవాబైపోయింది.

మధ్యాహ్నం భోజనం మానేసి కింద రికార్డు గదిలోకి వెళ్లింది. గుమస్తా రిజిస్టర్లు చూపించి తన పనిలో పడ్డాడు. ఆ మామూలు వాక్యం ఎన్నాళ్లు నడిచిందో ఆమెకు సుమారుగా తెలుసు. నాలుగేళ్ల కిందట బయటినుంచి తనిఖీకి వచ్చినవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లకు ఇది పనికిరాకపోవడమేమిటని ఒక ప్రశ్న వేశారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే ఆ మాట రాయడం ఆగిపోయింది, లీమాలు దించడం మొదలైంది. చిత్రమేమిటంటే, దించి చూస్తే చాలామందికి అది బాగానే ఉంది. అప్పుడు ఆ సంగతి గురించి పెద్దాయనా, ఆమే మాట్లాడుకోలేదు. వెనకటివాళ్ల సంగతేమిటని ఆయన అనలేదు, ఆమె అడగలేదు.

ఆ ముందటి ఏళ్ల ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచింది. మగవాళ్లవి పక్కన పెట్టింది. దించి చూడడమైనది. మరీ సన్నగా ఉన్నది. మొదటి ఫైళ్లలో అక్షరాలు కాస్త ఆగి ఆగి రాసినట్టున్నాయి. పోనుపోను చెయ్యి తిరిగిపోయి, గొలుసులా సాగాయి. ఒక ఫైల్లో అయితే రోగి వయసు, బరువు, మిగతా రాతంతా ఒక సిరా, ఆ వాక్యం ఒక్కటే వేరే సిరా, ముందే రాసేసి ఉంచినట్టు. అంటే ఛాతీ తెరవకముందే. ఆయన చెప్పకముందే. ఆమె ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ ఆయన రాయించారు, నేను రాశాను అని మనసుకు సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఆ రోజు ఎవరు రాయించారు?

ఇరవై ముగ్గురు తేలారు. నిజంగా చూసి, నిజంగానే సన్నగా ఉందని రాసినవి అందులో రెండో మూడో ఉండొచ్చు. ఏవో ఇప్పుడు ఆమె కూడా చెప్పలేకపోయింది. అన్నిటికీ ఒకటే వాక్యం.

గురువారం పొద్దున్నే పెద్దాయన గది తలుపు తట్టింది. ఆయన కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నారు. కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"సార్, టైలరమ్మ లీమా మనం చూడలేదు."

"ఏ టైలరమ్మ?"

"ఇవాళ ఇంటికి పంపిస్తున్నాం కదా సార్. ఆరేళ్ల కిందట మనమే చేశాం. ఆ రోజు మీరు గడియారం చూసి, రెండు కాళ్లూ తీసెయ్ అన్నారు. ధమని ఎముక మీదే ఉంది సార్, దాన్నెవరూ ముట్టుకోలేదు. మామూలుదే రాసెయ్ అంటే రాశాను."

ఆయన కప్పు కింద పెట్టారు. కోపం రాలేదు. కోపం వచ్చుంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

"ఆరేళ్ల కిందటి మాట నాకు గుర్తులేదమ్మా. కాగితం మీద ఎవరి రాత ఉంది?"

"నాదే సార్."

"సంతకం?"

"నాదే."

"నేను మామూలుదే అన్నానంటే, మామూలుగా చూసి రాయమని అనుంటాను. నువ్వు చూడకుండా రాస్తే నన్నేం చెయ్యమంటావు?" పేపరు మడిచి పక్కన పెట్టారు. గొంతు తగ్గించి, ఇంట్లో ఆడపిల్లకు నచ్చచెప్పినట్టు అన్నారు. "అయినా అప్పట్లో ఎక్కడైనా అలాగే చేసేవాళ్లు. చూసినా సన్నగానే ఉండేది. ఇప్పుడు తవ్వి తలకెత్తుకుంటే ఎవరికి లాభం చెప్పు? ఒకటో తారీకు ఎంత దూరముందని? పోయి నీ పని చూసుకో."

ఆమె బయటికి వచ్చింది. వార్డులో కోడలు అప్పటికే బట్టలు, పళ్లెం, గ్లాసు సంచిలో సర్దుతోంది. ఇంటికి పంపుతున్నారంటే నయమైందనుకుంటోంది పిచ్చిది. "మెట్లు ఎక్కొచ్చా డాక్టరుగారూ? మాది రెండో అంతస్తు. కుట్టుమిషను కిందికి దింపించమంటారా?" అని వరసగా అడుగుతోంది. టైలరమ్మ మాత్రం ఏమీ అడగడం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడకు అర్థమైనట్టే ఉంది.

కాళ్ల డాక్టరమ్మ నర్సుల బల్ల దగ్గర నిలబడి ఫైలు తెరిచింది. యాంజియో కోరే కాగితంలో కారణం అని ఒక గడి ఉంటుంది, రెండు వేళ్ల వెడల్పు. దాంట్లో రాసింది. 'ఆరేళ్ల కిందటి ఆపరేషన్ కాగితంలో ఎడమ ధమని గురించి ఉన్నది నిజం కాదు. దాన్ని ఎవరూ దించలేదు, చూడలేదు. ఆ కాగితం రాసింది నేనే.' గడి చాలక చివరి మాట అంచు దాటింది. సంతకం పెట్టి, టైము వేసి, స్వయంగా పట్టుకెళ్లి ఇచ్చింది. స్నేహితురాలు చదివి, సీసపు కోటు తొడుక్కుంది.

మధ్యాహ్నం మూడింటికి తెర మీద ఆ ధమని కనిపించింది. మెడ కింద మొదలై, ఛాతీ గోడ వెంట తిన్నగా, ఒక్క వంకరైనా లేకుండా దిగి, ఛాతీ అడుగున డయాఫ్రం దాకా వెళ్లింది. సన్నగా లేదు. ఆరేళ్లూ అక్కడే, తన దారిన తాను పారుతూ ఉంది. స్నేహితురాలు బొమ్మను ఆపి, కొలిచి, అంకె పైకి చదివింది. కాళ్ల డాక్టరమ్మ అద్దం ఇవతల గోడకు ఆనుకుని, కింద కూర్చుండిపోయింది. ఆమెకు సంతోషం కలిగింది. చిన్నదైతే బాగుండునని, రాసింది నిజమైపోతే బాగుండునని, మనసులో ఏ మూలనో తాను కోరుకుందని కూడా ఆ క్షణాన తెలిసింది.

కబురు సాయంత్రానికి అంతా పాకింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని ఆమెకు కాగితం వచ్చింది. పెద్దాయన బొమ్మ చూసి, సోమవారం మొదటి కేసుగా పెట్టమన్నారు. ఒకసారి తెరిచిన గుండెను మళ్లీ తెరవాలంటే ఆ ఆసుపత్రిలో ఆయన ఒక్కరికే చేతనవును. రెండో థియేటర్ మాట తర్వాత చూద్దామన్నారని పెద్ద సిస్టర్ వచ్చి చెప్పింది. చెప్పి, ముఖం తిప్పుకుని, "సర్దిన సామాన్లు మళ్లీ పాత చోటే పెట్టేశాను" అంది.

శుక్రవారం వార్డులో జనం పలచబడ్డాక స్టూలు లాక్కుని టైలరమ్మ మంచం పక్కన కూర్చుంది. కోడల్ని కూడా ఉండమంది. కాగితంలో రాసింది, రాయనిది, గడియారం, ముప్పావుగంట, మామూలు వాక్యం, అన్నీ దాచకుండా చెప్పింది. కోడలు మధ్యలోనే ఏడుపందుకుంది. టైలరమ్మ కదలకుండా వింది.

"నాకు తెలియక అడుగుతానమ్మా," అంది చివరికి. ఆయాసానికి ఆగి, మళ్లీ అంది. "కొలత తియ్యకుండానే చిన్నదని రాసేశారా?"

"అవునమ్మా."

"నా దగ్గరికి మనుషులొస్తారు. చూడగానే తెలిసిపోతుంది, ఎవరు ఎంతో. ముప్పై ఏళ్ల చెయ్యి కదా. అయినా టేపు పెట్టకుండా గుడ్డ మీద కత్తెర పెట్టను. గుడ్డ పోతే మళ్లీ కొనుక్కుంటారు, అయినా పెట్టను."

ఆమె తల దించుకుంది. ఇంకా ఏదైనా అంటే బాగుండుననిపించింది. తిడితే కాళ్లు పట్టుకునేది.

"ఆ పెద్ద డాక్టరుగారు ఒప్పుకున్నారా?"

"లేదమ్మా. గుర్తులేదన్నారు."

"మరి సోమవారం చేసేది?"

"ఆయనే. ఇక్కడ ఇంకెవరూ చెయ్యలేరు. మీరు వేరే చోటికి వెళ్తామంటే కాగితాలన్నీ నేను రాసిస్తాను. కాకపోతే అంత దూరం ప్రయాణం..."

"వద్దు. అంత ఓపిక లేదు నాకు." టైలరమ్మ దుప్పటి అంచు వేళ్ల మధ్య నలిపింది. అంచు కుట్టు ఎక్కడో ఊడింది, ఆ వదులు దారాన్ని వేలికి చుట్టుకుంటోంది. "ఆయన చేతులు నాకు కావాలి. ఆయన మనసుతో నాకు పని లేదు. మీరొచ్చి నిజం చెప్పారు, ఈ మాట ఇంకెవరూ చెప్పేవాళ్లు కాదని నాకు తెలుసు. అయినా ఒక్కటడుగుతా, ఏమీ అనుకోకండి. ఈసారి కాలు కొయ్యక్కర్లేదు కదా?"

"అక్కర్లేదమ్మా. ఆ ధమని ఒక్కటీ చాలు."

"అయితే మీరు ఆ గదిలోకి రావద్దు."

కోడలు ఏడుపు ఆపి అత్తగారి వంక చూసింది.

"కోపం కాదు డాక్టరమ్మా. ఆయన్ని నమ్మి పడుకోవట్లేదు నేను, అవసరమై పడుకుంటున్నా. మీ కుట్టుని ఆరేళ్లు నమ్మాను. మీరు అక్కడ నిలబడితే నాకు కళ్లు మూతపడవు."

సరేనని ఆమె లేచింది. కళ్లు తుడుచుకోవడం కూడా ఆవిడ ముందు తగదనిపించి, వార్డు దాటేదాకా అలాగే నడిచింది.

సోమవారం పదకొండేళ్లలో మొదటిసారి ఆపరేషన్ టైముకు ఆమెకు చేతులు ఖాళీ. బల్లకు ఇటువైపు నిలబడాల్సిన చోట ఎవరూ లేరు. థియేటర్ తలుపు ముందు బెంచీ మీద కోడలు కూర్చుని ఉంది. ఆ పిల్ల పక్కన కూర్చునే ధైర్యం చాలక ఆమె మెట్లు దిగి రికార్డు గదిలోకి వెళ్లింది. ఇరవై ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద వరసగా రాసుకుంది. టైలరమ్మ పేరు పక్కన గీత పెట్టింది. మిగిలినవాళ్లకు ఒక్కొక్కరికే ఫోను చెయ్యడం మొదలుపెట్టింది. కొన్ని నంబర్లు లేవన్నాయి. ఒకావిడ బాగానే ఉన్నానంది, పక్కింటావిడతో గొడవ గురించి పది నిమిషాలు చెప్పింది. రేపే వచ్చి చూపించుకోమంటే, "ఎందుకమ్మా, ఏమన్నా తేడా ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. అవతలి మనిషి ఫోను పెట్టేసింది.

ఒంటిగంటకు పెద్ద సిస్టర్ టోపీ తియ్యకుండానే మెట్లు దిగి వచ్చింది. చెమటకు మాస్కు మెడకు అంటుకుపోయింది.

"అయిపోయింది. గుండె తనంతట తనే కొట్టుకోవడం అందుకుంది. ఐసీయూకి తీసుకెళ్తున్నారు."

"లీమా?"

పెద్ద సిస్టర్ బొటనవేలు, చూపుడువేలు కాస్త దూరంగా పట్టి చూపించింది. తర్వాత ఆ చెయ్యి కిందికి దించేసింది. "చివర కత్తిరించగానే ఎగిసి తువ్వాలంతా తడిపేసింది. అంత ధార చూసి చాన్నాళ్లయింది డాక్టరమ్మా."

"పెద్దాయన ఏమన్నారు?"

"ఏమంటారు? సూది అడిగారు."

పెద్ద సిస్టర్ బల్ల మీది కాగితం చూసింది, పేర్ల మీద వేలు పెట్టి ఒకటి రెండు చోట్ల ఆగింది. ఆ థియేటర్‌లో ఇరవై మూడుసార్లూ సిస్టర్ కూడా ఉంది. "నేనూ చూశానుగా," అంది, ఎటో చూస్తూ. తర్వాత, కోడలికి చెప్పాలని గుర్తొచ్చినదానిలా గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.

తొమ్మిదో నంబరు చాలాసేపు మోగింది. ఇక పెట్టేద్దామనుకుంటుండగా ఎవరో ఎత్తారు. వయసు మళ్లిన మగగొంతు. ఆమె ఆసుపత్రి పేరు, పేషెంటు పేరు చెప్పింది.

"మా ఆవిడే. పోయి మూడేళ్లయిందమ్మా," అన్నాడు ఆయన. "మళ్లీ ఆయాసమొస్తే మీ దగ్గరికే తీసుకొచ్చాం. ఇంక దారి లేదన్నారు. పాత కాగితాల్లో అలాగే రాసుందన్నారు."

ఆమె చెవి దగ్గర ఫోను పట్టుకునే ఉంది.

"బాధపడకండమ్మా. మీరు చెయ్యగలిగిందంతా చేశారు. ఎవరికి రాసిపెట్టింది వాళ్లకు జరుగుతుంది, మీరేం చేస్తారు?" ఆయన ఆమెను ఓదారుస్తున్నాడు. "ఆవిడ పోయాక ఆవిడ పేరెత్తి అడిగినవాళ్లే లేరు. ఇన్నేళ్లకు మీరు గుర్తుపెట్టుకుని ఫోను చేశారు. మీరు చల్లగా ఉండాలి తల్లీ. ఉంటాను మరి."

"పెట్టెయ్యకండి," అంది ఆమె. "ఒక్క నిమిషం. ఆ కాగితం గురించి మీకొకటి చెప్పాలి."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది. ఆయన తీరిగ్గా కూర్చున్నట్టున్నాడు.

"చెప్పు తల్లీ," అన్నాడు.